ఒళ్ళు చేసిన పిల్ల

మా ఇంట్లో మనుషుల్ని కూడా కాటా వేసేవాళ్ళు. ఎగతాళికి అంటున్న మాట కాదిది. ఆళ్ళగడ్డలో మా నాయనకు బెల్లం మండీ ఉండేది. దసరాకు ఊళ్ళో రైతులు నాగళ్ళకూ బండ్లకూ పసుపు కుంకుమలు పెట్టుకుంటే, మేము మండీలో దూలానికి వేలాడే పెద్ద కాటాకు పెట్టుకునేవాళ్ళం. పూజ అయ్యాక మొదటి తూకం సరుకుది కాదు, ఇంటి పిల్లలది. ఒక తట్టలో పిల్లను కూర్చోబెట్టి, రెండో తట్టలో రాళ్ళు వేసి, నిరుటి కంటే ఎంత పెరిగిందో పేటంతా వినబడేలా చెప్పేవాళ్ళు. పిల్ల బరువెక్కితే ఇంటికి శుభమట. ఆ శుభం కోసం ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా ఒకసారి నేను ఆ తట్టలో కాళ్ళు ముడుచుకుని కూర్చునేదాన్ని.

తూకం వేసేది మా తాత కాలం నుంచి మండీలో పనిచేస్తున్న ముసలాయన. మా వ్యాపారస్తుల లెక్క బళ్ళో నేర్పే లెక్క కాదు. ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెడతారు. ఏడు దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేస్తారు, ఏడు అంటే ఎవరినో కూర్చుని ఏడవమన్నట్టు ఉంటుందని. అందుకని ఆరు తర్వాత 'ఆరున్నొక్కటి' అంటారు. సరుకుకు ఏడుపు తగలకూడదని అంత జాగ్రత్త. తట్టలో కూర్చున్న పిల్ల మొహం ఎలా ఉందో మాత్రం ఎవరూ చూసేవాళ్ళు కాదు.

1954 దసరాకు నాకు పన్నెండేళ్ళు. అంతకు నెల ముందే పెద్దమనిషినయ్యాను. ఆ పదకొండు రోజులూ చాప మీద కూర్చోబెట్టి మా జేజి, అంటే మా నాయన తల్లి, నాకు పెట్టిన తిండి తలుచుకుంటే ఇప్పటికీ వికారం పుడుతుంది. నువ్వులూ బెల్లం కలిపి దంచిన ముద్దలు, ఎండుకొబ్బరి, నెయ్యి కారుతున్న పులగం. చాలు జేజీ అంటే, "తినవే, నడుము గట్టిపడాల" అని నోట్లో కుక్కేది. వాంతి చేసుకుంటే మూతి కడిగి మళ్ళీ పెట్టింది. మా అమ్మ పక్కనే నిలబడి చూసేది. ఆ ఇంట్లో మా అమ్మకు వండటం, వడ్డించటం తప్ప నోరెత్తే హక్కు లేదు. ఉన్న కాస్త నోటినీ ఆమె నా మీదే వాడుకునేది.

ఆ దసరాకు చాగలమర్రి నుంచి మా నాయన మేనత్త వచ్చింది. ఆమెకు పెళ్ళీడు మనవడు ఉన్నాడు. నన్ను తట్టలో కూర్చోబెట్టారు. ముసలాయన మణుగు రాళ్ళు వేస్తూ "లాభం, రెండు, మూడు, నాలుగు" అన్నాడు. ఆ తర్వాత వీశ రాళ్ళు మొదలుపెట్టాడు. ఎనిమిది వీశలైతే ఒక మణుగు. "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు..." ముల్లు ఇంకా నిలబడలేదు. "ఆరున్నొక్కటి!" అని గట్టిగా అరిచాడు. ఐదు మణుగులకు ఒక్క వీశ తక్కువ, ఇప్పటి లెక్కలో యాభై ఐదు కిలోలు. మా జేజి నాకు దిష్టి తీసి మెటికలు విరిచింది.

"ఒళ్ళు చేసింది నా బిడ్డ," అంది. మా వైపు అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. కరువులు చూసిన నేల మాది, కండ కనబడితే కళ్ళకద్దుకుంటారు.

చాగలమర్రి ముసలామె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఇంగేందిరా, ఈ ఎండాకాలానికి మా పిల్లోనికి చేసేస్తే సరి," అంది మా నాయనతో.

"ఇంకా చిన్నపిల్ల కదత్తా. సదువుకోనీ," అన్నాడు నాయన.

"చిన్నపిల్లా? యాడుందిరా చిన్నపిల్ల? నాలుగు మణుగుల ఆరున్నొక్కటి!"

మండీ అంతా నవ్వింది. మా నాయన కూడా తల వంచుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళకే నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. నన్ను కాపాడటానికి మా నాయన దగ్గర ఉన్నది 'చిన్నపిల్ల' అనే ఒక్క మాట. నా చదువు ఆ మాట మీదే నిలబడి ఉంది. నా ఒళ్ళేమో ఆ మాటను అందరి ముందూ అబద్ధం చేస్తోంది.

ఆళ్ళగడ్డలో మూడో ఫారం, అంటే ఎనిమిదో తరగతి, దాటాక మా పేట ఆడపిల్లలు బడికి పోయే అలవాటు లేదు. నంద్యాలలో మా అమ్మ చెల్లెలు ఉంది. పిల్లలు లేరు, ఆడపిల్లల బడికి నాలుగడుగుల్లో ఇల్లు. అక్కడ ఉంచి చదివించమని నెల రోజులు ఏడ్చాను. చివరకు ఒకరోజు అన్నం తింటూ మా నాయన మా అమ్మతో అన్నాడు: "చూసేదానికి చిన్నపిల్ల మాదిరి ఉన్నన్నాళ్ళు సదువుకోనీ మే. ఆమీట ఊరోళ్ళ నోరు నేను మూయలేను."

ఆయన మనసు ఎంత మెత్తనిదో అని అందరూ చెప్పుకున్నారు. నాకు మాత్రం అది షరతులాగే వినిపించింది. చూసేదానికి చిన్నపిల్ల మాదిరి ఉండాలి. సరే, ఉంటాననుకున్నాను.

1955 జూన్‌లో ఒక రేకు పెట్టెతో నంద్యాల బస్సు ఎక్కి నాలుగో ఫారంలో చేరాను. మా వీధి పిల్ల ఒకతె అప్పటికే అదే బళ్ళో చదువుతోంది. మొదటి వారంలోనే దసరా తూకం కథను క్లాసంతా మోసేసింది. ఆ రోజు నుంచి నా పేరు పోయి 'ఆరున్నొక్కటి' అయింది. హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు ఆ మాట గొణిగేవాళ్ళు. మైదానంలో పరుగెత్తలేక ఆగిపోతే డ్రిల్లు టీచరమ్మ "తిని తిని ఒళ్ళు బలిసింది" అనేది. ఆళ్ళగడ్డలో ఒళ్ళు చేసినదాన్ని, పాతిక మైళ్ళు బస్సెక్కి వచ్చేసరికి ఒళ్ళు బలిసినదాన్నయ్యాను. ఒళ్ళు అదే. మెచ్చుకున్న జేజి మీదా, తిట్టిన టీచరమ్మ మీదా నాకు ఒకే రకం కోపం వచ్చేది.

క్లాసులో సన్నగా ఉన్న పిల్లలు ఇంకా పరికిణీ జాకెట్టుతోనే తిరిగేవాళ్ళు. నేను మాత్రం ఓణీ వేసుకుని, దాన్ని భుజాల చుట్టూ కప్పుకుని నడవాలి. బజార్లో కొత్తవాళ్ళు వాళ్ళను "ఏ క్లాసు పాపా?" అని అడిగేవాళ్ళు. నన్ను "ఏ ఊరికిచ్చినారమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా చేతిలో పుస్తకాలు ఎవరో లాక్కుంటున్నట్టు భయమేసేది. ఇంటికి పోయి చిన్నమ్మ పెట్టిన అన్నం ముందు కూర్చుంటే, ప్రతి ముద్దా నన్ను చాగలమర్రికి ఇంకొంచెం దగ్గర చేస్తున్నట్టు అనిపించేది.

మా చిన్నమ్మ చెడ్డది కాదు. మధ్యాహ్నానికి క్యారియర్ కట్టి ఇచ్చేది. ఒక గిన్నెలో నెయ్యేసిన పప్పన్నం, ఇంకో గిన్నెలో పెరుగన్నం. దాన్ని నేను బడి బంట్రోతు కూతురికి పెట్టడం మొదలుపెట్టాను. ఆమె నా క్లాసే. చేతులు పుల్లల్లా ఉండేవి. పొద్దున తాగొచ్చిన జొన్నగంజి తప్ప సాయంత్రం దాకా ఆమెకు ఇంకేమీ ఉండేది కాదు. నీళ్ళ తొట్టి వెనక కూర్చుని ఆమె తినేది, నేను చూసేదాన్ని. ఖాళీ క్యారియర్ చూసి మా చిన్నమ్మ సంతోషించేది.

ఒకరోజు ఆ పిల్ల తింటూ తింటూ ఆగింది. "నీకేం రోగం? దినామూ నాకెందుకు పెడతాండావు?" అంది.

"నీ మాదిరి కావాలని," అన్నాను.

ఆమె చెయ్యి కడిగేసుకుంది. "నా మాదిరా? కరువులో గంజి కేంద్రం కాడ ముంత పట్టుకుని నిలబడి నిలబడి ఇట్లయినా నేను. నీకు ఉండీ మానుకుంటాండావ్. నీకు కొవ్వు."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు మళ్ళీ క్యారియర్ తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను. ఆమె తింది. తినక ఏం చేస్తుంది? ఆమె నన్ను తిట్టినందుకు నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆమె చెప్పినదాంట్లో నిజం ఉందేమో అని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆ ఏడు దసరాకు సరిగ్గా నాలుగు మణుగులు తూగాను. మరుసటి ఏడు మూడు మణుగుల ఐదు వీశలు. ముసలాయన ఐదో వీశ రాయి వేసి ఆగిపోయి మా నాయన వైపు చూశాడు. మా జేజి గుండెలు బాదుకుంది. "నంద్యాల నా బిడ్డను తినేసింది" అని ఏడ్చింది. చాగలమర్రి ముసలామె ఆ ఏడు కూడా వచ్చింది. నా చెయ్యి పట్టుకుని చూసి, పెదవి విరిచి వదిలేసింది.

"చూడత్తా, చిన్నపిల్లే కదా," అన్నాడు మా నాయన.

నా జీవితంలో అంతగా ఇంకెప్పుడూ గర్వపడలేదు. తట్టలోంచి దిగుతుంటే కళ్ళు తిరిగి గొలుసు పట్టుకున్నాను. అది కూడా గెలుపులాగే అనిపించింది. ఇంకో ఏడాది చదువు నాది. అది నేనే సంపాదించుకున్నాను, నాకు ఎవరూ పెట్టలేదు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపడం నా చేతుల్లో లేకుండా పోయింది. తట్టలో తేలికగా ఉండటం ఒకసారి రుచి మరిగాక, ఎంత తగ్గినా ఇంకా ఎక్కువే ఉన్నట్టు కనబడేది. నంద్యాలకు తిరిగి వచ్చాక జుట్టు దువ్వెనకు ఊడిరావడం మొదలైంది. మండుటెండలో కూడా చలేసేది. రాత్రి చిన్నమ్మ బలవంతాన పెట్టిన నాలుగు ముద్దలూ నిలవక వాంతయ్యేవి. అన్నిటికంటే దుర్మార్గం, ఏ చదువు కోసం మానుకున్నానో ఆ చదువే తలకెక్కడం మానేసింది. ఒకే లెక్కను నాలుగుసార్లు చదివేదాన్ని. నల్లబల్ల మీది అక్షరాలు అలుక్కుపోయేవి. అర్ధసంవత్సరం పరీక్షలో లెక్కల్లో తప్పాను. అయినా నాకు బుద్ధి రాలేదు. మార్కులు తర్వాత చూసుకోవచ్చు, ముందు బళ్ళో ఉండాలి కదా అనుకున్నాను.

ఇంకోటి కూడా ఆగిపోయింది. అప్పట్లో మా ఇళ్ళల్లో నెలకు మూడు రోజులు ఆడవాళ్ళు బయట చేరేవాళ్ళు. వేరే చాప, వేరే పళ్ళెం, వంటింటి గడప తొక్కకూడదు. ఇంట్లో ఉన్న ఆడపిల్ల ఏ నెల ఎప్పుడు చేరిందో ఇల్లంతటికీ తెలుస్తుంది, దాచుకోవడానికి ఏమీ ఉండదు. నేను దసరా తర్వాత చేరనే లేదు. నాకు హాయిగానే ఉండింది. మళ్ళీ చిన్నపిల్లనయ్యాను అనుకున్నాను. తిండి లేకపోతే అలా జరుగుతుందని నాకు తెలియదు, మా చిన్నమ్మకూ తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే. పెద్దమనిషైన పిల్ల బయట చేరడం మానేసిందంటే, తింటే వాంతి చేసుకుంటోందంటే, దానికి ఆమె ఎరిగిన కారణం ఒక్కటే.

నాలుగో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నమ్మ వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది. ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"నిజం చెప్పు. నాకు తెల్సిపోయింది," అంది.

క్యారియర్ సంగతి బయటపడిందనుకున్నాను. "తప్పైపోయింది చిన్నమ్మా. నాయనకు చెప్పొద్దు. చెప్తే నా సదువు మాన్పిస్తాడు," అన్నాను.

ఆమె గోడకు ఆనుకుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగో ఫారంలో చేరినప్పటి నుంచీ."

"అయ్యో నా తల్లీ! యాడ?"

"బళ్ళోనే. నీళ్ళ తొట్టి ఎనక."

"ఎవురే?"

"బంట్రోతు..." అన్నాను. 'కూతురు' అనేలోపే చెంప పేలింది. ఆ దెబ్బకు నిలబడే బలం నాలో లేదు. పడ్డదాన్ని పడ్డట్టే ఉండి, అన్నం ఇంకొకరికి పెట్టినందుకు ఇంత దెబ్బా అని ఆశ్చర్యపోయాను. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను మొత్తం చెప్పబోతే "నోరు మూయి" అని అరిచింది. తలుపు బయట అంతా విన్న మా చిన్నాయన అప్పటికప్పుడు చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. ఎక్కడికి పోతున్నాడో నాకు అర్థం కాలేదు. మా నాయనకు 'వెంటనే బయలుదేరి రావలెను' అని టెలిగ్రాం పోయింది.

మరునాడు మా నాయనా అమ్మా వచ్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. వాళ్ళూ చిన్నమ్మా ముగ్గురూ కలిసి నన్ను లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు, తల మీద ముసుగేసి, జట్కాలో పరదా కట్టి. అప్పుడు అమ్మ మాటల్ని బట్టి నాకు విషయం అర్థమైంది. నా మీద వాళ్ళు ఏం అనుకుంటున్నారో తెలిశాక నాకు ఏడుపు రాలేదు. ముగ్గురినీ జట్కాలోంచి తోసేయాలనిపించింది.

డాక్టరమ్మ నన్ను చాలాసేపు చూసింది. కళ్ళ కింద రెప్పలు లాగి చూసింది, గోళ్ళు చూసింది, ఏమేం తింటానో ఒక్కదాన్నే ఉంచి అడిగింది. నన్ను అలా అడిగిన మొదటి మనిషి ఆమే. అంతా చెప్పాను. తర్వాత తలుపు తీసి వాళ్ళను లోపలికి పిలిచింది.

"ఈ పిల్ల కడుపులో ఏమీ లేదు," అంది. "అన్నం కూడా లేదు."

మా చిన్నమ్మ నేల మీద కూలబడి డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుంది. మా అమ్మ ఏడుస్తూ నవ్వింది. "ఆకలేనంట! వట్టి ఆకలేనంట!" అని మా నాయన చెయ్యి పట్టుకుని ఊపింది. దోవలో జట్కా ఆపించి గుళ్ళో కొబ్బరికాయ కొట్టారు. నేను ఆకలితో చావబోతున్నానని తెలిసి మా వాళ్ళు ముగ్గురూ పండగ చేసుకున్నారు. ఎందుకు తినలేదే అని ఒక్కరూ అడగలేదు. కొట్టినందుకు చిన్నమ్మ తప్పైపోయిందని కూడా అనలేదు. ఆ కొబ్బరిముక్క నా చేతిలో పెడితే కాలువలో పారేశాను.

నన్ను ఆళ్ళగడ్డకు తీసుకుపోయారు, రేకు పెట్టెతో సహా. పెట్టె చూడగానే తెలిసింది, ఇంక తిరిగి పంపరని. మా జేజి నువ్వులు దంచడం మొదలుపెట్టింది. ఎండాకాలం దాకా బాగా పెట్టి ఒళ్ళు చేసినాక చాగలమర్రికి కబురు చేద్దామని మా నాయన ఆమెతో అంటుంటే విన్నాను. అంటే, నా ఒళ్ళు పోతే చదువు పోయింది, వస్తే పెళ్ళి వస్తుంది. అప్పుడు నేను మానుకోవడం దాచుకోలేదు. అందరి ముందూ పళ్ళెం జరిపేశాను.

మొదటి రోజు మా జేజి బతిమాలింది, తిట్టింది. రెండో రోజు మా అమ్మ తన ముద్ద కూడా మానేసి నా ఎదురుగా కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేదు. మూడో రోజు పొద్దున మా నాయన మండీ తెరవకుండా వచ్చి నా చాప పక్కన కూర్చున్నాడు.

"ఏందిది? రాష్ట్రం కోసం చేసినట్టు దీక్ష చేస్తాండావా?" అన్నాడు. నవ్వించాలని చూశాడు.

"ఎంత తూగాల నాయనా?" అన్నాను. "బరువైతే పెండ్లి అంటావు. తేలికైతే రోగం అంటావు. ఎంత తూగితే సదివిస్తావో చెప్పు. ఆ లెక్కకే తింటా."

"ఏం కావాలో నోరు తెరిచి అడగొచ్చు గదా పాపా. ఇట్ల పానం మీదికి తెచ్చుకుంటారా?"

"అడిగినా. నెల దినాలు ఏడ్చినా. చూసేదానికి చిన్నపిల్ల మాదిరి ఉంటేనే సదువు అన్నావు. ఉన్నా."

మా నాయన నా మొహంలోకి చూశాడు. "నేనా? నేనెప్పుడన్నా?" అన్నాడు.

ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగానే ఆయనకు గుర్తు లేదు. అన్నం తింటూ మా అమ్మతో అనేసి, చెయ్యి కడుక్కుని, మండీకి పోయి మర్చిపోయాడు. ఆ మాట మీద నేను ఏడాదిన్నర పైగా బతికాను. అప్పుడు నాకు వచ్చిన కోపానికి పేరు లేదు. లేచి కొట్టగలిగే బలం ఉంటే మా నాయనను కొట్టేదాన్ని.

మధ్యాహ్నానికి నాకు స్పృహ తప్పింది. కళ్ళు తెరిచేసరికి మా నాయన నా తల ఒళ్ళో పెట్టుకుని, స్పూనుతో నీళ్ళు పోస్తున్నాడు. ఎస్సెల్సీ అయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తనని, జూన్‌లో మళ్ళీ బళ్ళో చేరుస్తానని జేజి ముందు, అమ్మ ముందు ఒట్టేశాడు. కాగితం మీద రాసివ్వమన్నాను. రాసిచ్చాడు. అప్పుడు మజ్జిగ తాగాను.

జూన్‌లో ఐదో ఫారం మళ్ళీ మొదటి నుంచి చదవడానికి నంద్యాల పోయాను. క్యారియర్ తీసుకుని నీళ్ళ తొట్టి వెనక్కి పోతే అక్కడ ఎవరూ లేరు. ఆ ఆదివారం మా చిన్నాయన చొక్కా తగిలించుకుని పోయింది బంట్రోతు ఇంటికి. నడివీధిలో బంట్రోతు కాలర్ పట్టుకుని నానా మాటలూ అన్నాడట. తర్వాత నిజం తెలిసినా, పొరపాటైపోయిందని చెప్పడానికి మా వాళ్ళెవరూ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ ఇంట్లో కూతుర్ని బడి మాన్పించేశారు. నేను వాళ్ళింటికి పోతే ఆమె తల్లి వాకిట్లోనే ఆపేసింది. "నీ కూడు తిన్నందుకు చాలమ్మా. పో," అంది. నా చదువు నేను దక్కించుకున్నాను, ఆ పిల్ల చదువు పోయింది. ఇది మా ఇంట్లో చెబితే మా చిన్నమ్మ "వాళ్ళకు సదువులెందుకులే" అంది. ఆ మాట అన్న నోటితోనే నన్ను భోజనానికి పిలిచింది.

1959లో ఎస్సెల్సీ పరీక్షలు రాశాను. చివరి పరీక్ష రోజు మా నాయన నంద్యాల వచ్చి బడి గేటు దగ్గర నిలబడ్డాడు. నన్ను బజార్లో ఒక కాఫీ హోటలుకు తీసుకుపోయాడు. మా ఇళ్ళ ఆడపిల్లలు హోటల్లో తినడం ఆ రోజుల్లో లేదు. ఆడవాళ్ళ కోసం పరదా కట్టిన గదిలో కూర్చున్నాం. దోసె తెచ్చి నా ముందు పెట్టారు. అంచులు ఎర్రగా కాలి, మధ్యలో నెయ్యి కరుగుతోంది. మా నాయన చాలా సంతోషంగా ఉన్నాడు, పేపర్లు ఎలా రాశానో ఒక్కొక్కటీ అడుగుతున్నాడు.

నాకు పరీక్షల బడలికతో నిజంగానే తినబుద్ధి కాలేదు. ఊరికే, ఏమీ ఆలోచించకుండా, ప్లేటు కొంచెం పక్కకు జరిపాను.

మా నాయన మాట మధ్యలో ఆగిపోయింది. బల్ల మీదుగా రెండు చేతులూ జోడించాడు. హోటల్లో, నలభై ఐదేళ్ళ మనిషి, పదిహేడేళ్ళ కూతురికి.

"అడుగు పాపా," అన్నాడు. "ఏం గావాలన్నా నోటితో అడుగు. పళ్ళెం మాత్రం జరపొద్దు తల్లీ."

నాకేమీ వద్దు నాయనా, ఆకలి లేదు అంతే, అని చెప్పి ఉండొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ మా నాయన నన్ను చూసి భయపడుతున్నాడు. అది చూస్తుంటే నాకు ఎంత బాగుందంటే, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది. మండీ అంతా నవ్విన రోజు తల వంచుకుని నవ్విన మనిషి ఇప్పుడు నా ప్లేటు వైపు చూస్తూ చేతులు జోడిస్తున్నాడు.

"కర్నూలు కాలేజీలో చేర్పించు," అన్నాను.

"చేర్పిస్తా," అన్నాడు. అంతవరకు నేను ఆ కాలేజీ గురించి ఆలోచించనే లేదు. "చేర్పిస్తా, ఇంటికి పోతానే అప్లికేషన్ తెప్పిస్తా. ఇప్పుడు తిను."

అడిగింది దొరికింది. ఇంక మానుకోవడానికి కారణం ఏమీ లేదు. మా నాయన తన చేత్తో దోసె తుంచి, చట్నీలో అద్ది, నా ప్లేటులో నా వైపుకు పెట్టాడు. దాన్ని తీసుకుని నోట్లో పెట్టుకోవాలని నాకూ ఉంది. చెయ్యి ఎత్తాను. నోరు తెరుచుకోలేదు.